పరిచి ఉన్న పక్క ఎవరిది?

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగిన దానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. వెనక నుంచి మీ నాన్న "నాన్నా, నువ్వు దాన్ని వెనకేసుకురాకు" అని అరుస్తుంటే నవ్వొచ్చి మాట మార్చేశాను. నీ ప్రశ్న మాత్రం మంచిది. కొండల్లో క్యాంపింగ్‌కి వెళ్తున్నారు, అక్కడ నది ఒడ్డున మెత్తటి ఇసుక ఉంది, చదునుగా ఉంది, ఫోటోలో చూశావు. అక్కడ టెంట్ వేసుకుంటే రాత్రంతా నీళ్ళ చప్పుడు వింటూ పడుకోవచ్చు కదా, నాన్నేమో పైన చెట్ల మధ్య ఎక్కడో వేద్దామంటున్నాడు, ఎందుకు తాతయ్యా అన్నావు.

ఫోన్లో చెప్పబోతే సగంలో చంటిగాడు లాక్కుంటాడు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. వాడికి కూడా చదివి వినిపించు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి చుట్టాలందరం ఒకే ఇంట్లో చేరాం. ఎంతమందిమో లెక్కలేదు. రాత్రయ్యేసరికి ఎవరికి దొరికిన చోట వాళ్ళు నడుం వాల్చేశారు. నేను ఆటలు ముగించుకుని అందరికన్నా ఆలస్యంగా లోపలికొచ్చాను. గుమ్మం దగ్గర ఖాళీ ఉంది, కానీ వచ్చేపోయేవాళ్ళు తొక్కేస్తారు. బాత్రూం పక్కన ఖాళీ ఉంది, నేలంతా తడి. అటక కింద కూడా ఖాళీయే. తలెత్తి చూస్తే అటక మీద పెద్ద పెద్ద గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అప్పుడు కనపడింది, కిటికీ పక్కన మెత్తటి పరుపు, ఉతికిన దుప్పటి, దిండు. ఎవరూ లేరు. ఇంతమంది పెద్దవాళ్ళున్నారు, ఒక్కరికీ ఇది కనపడలేదే, ఎంత అమాయకులో అనుకుని ఎక్కి పడుకున్నాను.

అర్ధరాత్రి దాటాక మా పెదమామయ్య డ్యూటీ దిగి వచ్చాడు. అందరూ నిద్రపోతున్నారని లైటు కూడా వేయలేదు. వచ్చినవాడు వచ్చినట్టే నా మీద వాలిపోయాడు. నేను పెట్టిన కేకకి ఇల్లంతా లేచింది. మా నాయనమ్మ నన్ను పక్కకు లాక్కుని, "ఇంతమంది ఉన్న ఇంట్లో పరిచిన పక్క ఖాళీగా ఉందంటే, దాని మనిషి ఎక్కడికో వెళ్ళాడని కదరా. పడుకునే ముందు ఎవరిదో అడగొద్దూ?" అంది.

నువ్వు ఫోటోలో చూసిన ఇసుక కూడా అలా పరిచి ఉన్న పక్కే.

ఆలోచించు. కొండల్లో అంతా ఎత్తుపల్లాలే, వాలు నేలే. అలాంటి చోట టెంట్ వేయడానికి తగినట్టు చదునైన జాగా కనపడితే, అది చదునుగా ఎలా అయింది అని అడగాలి. నది ఒడ్డున ఇసుకని చదును చేసింది నది. బండలని అరగదీసి, నలిపి, ఇసుక చేసి, తెచ్చి పరిచింది. ఇప్పుడు నీళ్ళు తగ్గి ఒక వారకి జరిగి పడుకుంది కాబట్టి మిగతా పక్క ఖాళీగా కనిపిస్తోంది. పైన ఎక్కడో కొండ అవతల గట్టిగా వాన పడిందనుకో. నీ నెత్తి మీద చుక్కలు మెరుస్తూనే ఉంటాయి, ఒక్క చినుకు రాలదు. అయినా రాత్రి ఏ రెండు గంటలకో నది డ్యూటీ దిగి వస్తుంది. లైటు వేయదు.

మా మామయ్య మహా ఉంటే వంద కిలోలు ఉండేవాడు. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు ఉన్న తొట్టెలో పట్టే నీళ్ళు వెయ్యి కిలోలు. అంటే పదిమంది మామయ్యలు, అందులోనూ పరిగెత్తుకుంటూ వచ్చే మామయ్యలు. అంత అక్కర్లేదు, 15 సెంటీమీటర్ల లోతు నీళ్ళు జోరుగా పారుతుంటే చాలు, పెద్దవాళ్ళ కాళ్ళు కూడా నేల మీద నిలవవు.

ఇంకో రకం పక్క ఉంది, దాన్ని పోల్చుకోవడం పెద్దవాళ్ళకి కూడా కష్టం. కొండ మీంచి నిటారుగా దిగే చిన్న వాగు కింద లోయలోకి రాగానే ఒక్కసారిగా నెమ్మదించి, తెచ్చిన రాళ్ళూ మట్టీ అక్కడే వదిలేస్తుంది. ఏళ్ళ తరబడి అలా వదిలి వదిలి కొండ పాదం దగ్గర విసనకర్ర విప్పినట్టు ఒక మెత్తని వాలు తయారవుతుంది. దాని మీద గడ్డి మొలుస్తుంది, చెట్లు పెరుగుతాయి. వాగేమో ఒక మూల సన్నగా, ఏమీ ఎరగనట్టు పోతూ ఉంటుంది. చూడటానికి ఇంతకన్నా మంచి క్యాంప్ స్థలం ఉండదు. స్పెయిన్ దేశంలో పిరనీస్ కొండల్లో బియెస్కాస్ అనే ఊరి దగ్గర సరిగ్గా అలాంటి చోటే ఒక క్యాంప్‌గ్రౌండ్ కట్టారు. 1996 ఆగస్టు 7న సాయంత్రం కొండ మీద కుంభవృష్టి కురిసింది. వాగు రాళ్ళతో, మట్టితో కలిసి తన విసనకర్ర మీదకి తిరిగొచ్చింది. 87 మంది పోయారు. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. నాన్న చాదస్తం కాదని తెలియాలని చెప్పాను, అంతే. చంటిగాడికి ఈ ముక్క చదవకపోయినా పరవాలేదు.

మరి పక్క ఎవరిదో ఎవరిని అడగాలి? నది మాట్లాడదు. కానీ దుప్పటి మీద ముడతలున్నట్టు గుర్తులు వదిలి వెళ్తుంది. ఒడ్డున పొదల్లోకి, చెట్ల కొమ్మల్లోకి చూడు. ఎండిపోయిన గడ్డి, పుల్లలు, చెత్త కొమ్మలకి చుట్టుకుని వేలాడుతుంటాయి, కొన్నిసార్లు నాన్న తలకన్నా ఎత్తున. పక్షి గూడేమో అనిపిస్తుంది. నీళ్ళు అంత ఎత్తుకి వచ్చి వెళ్ళాయని దాని అర్థం. చెట్టు మొదళ్ళ మీద ఒకే ఎత్తులో మట్టి గీత ఉంటుంది. నీళ్ళు వచ్చే వైపు బెరడు దెబ్బలు తిని ఉంటుంది. ఆ గీత కంటే బాగా ఎత్తుకి వెళ్ళాకే టెంట్ మూట విప్పాలి. పగలు ఒడ్డున ఆడుకుంటుంటే తేట నీళ్ళు ఉన్నట్టుండి బురదరంగుకి తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు బొంగురుపోయినా, చెప్పులు వెతుక్కుంటూ నిలబడకుండా పైకి నడవండి. పైన డ్యామ్ ఉంటే వాన లేకుండా కూడా నీళ్ళు వదులుతారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. పదమూడేళ్ళప్పుడు స్కూల్లో పిల్లలం ఒక మాస్టారితో కొండల్లో క్యాంప్‌కి వెళ్ళాం. చోటు వెతికే పని నాకూ ఇంకో ఇద్దరికీ అప్పజెప్పారు. నదికి దూరంగానే వెళ్ళాం, అంతవరకు తెలివిగానే ఉన్నాం. చుట్టూ కాస్త మిట్ట, మధ్యలో చిన్న పళ్ళెంలా లోతు, అందులో పచ్చటి గడ్డి. గాలి కూడా తగలదు కదా అని మురిసిపోయాం. రాత్రి చిన్న వాన పడింది. చుట్టూ మిట్ట మీద పడిన ప్రతి చుక్కా దారి వెతుక్కుంటూ మా కిందికే వచ్చింది. పళ్ళెం అని నేనే అన్నాను, పళ్ళెంలో నీళ్ళు నిలుస్తాయని మాత్రం తట్టలేదు. వాన ఆగాక మరీ దారుణం, చలి. మా మాస్టారు పది పదిహేను మీటర్లు పైన పడుకున్నారు, ఆయనకి అంత చలి వేయలేదట. పొద్దున మా పళ్లు టకటకలాడుతుంటే ఆయన మమ్మల్ని తిట్టలేదు. తడిసిన దుప్పట్లు ఎండలో ఆరేయించి, "నేల ఎందుకంత పచ్చగా ఉందో అడగలేదా?" అన్నారు. మా నాయనమ్మ ప్రశ్నే.

చలిగాలికి బరువుంటుంది బుజ్జీ. రాత్రి కొండ వాలు మీద నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, నీళ్ళలాగే కిందికి జారి పల్లంలో చేరుతుంది. మంచం మీద నలుగురు పిల్లల్ని పడుకోబెడితే తెల్లారేసరికి అందరూ కుక్కి మధ్యలోకి జారి ఒకరి మీద ఒకరు ఉంటారు చూడు, అలా. అందుకే లోయ అట్టడుగున కాకుండా కాస్త పైన, గట్టులా ఉన్న చోట పక్క వేసుకుంటే వెచ్చగా ఉంటుంది. అలాగని కొండ శిఖరానికీ పోకూడదు, అక్కడ గాలి టెంట్‌తో సహా మిమ్మల్ని లేపుకుపోతుంది.

అటక సంగతి చెప్పానుగా. అడవిలో అటక అంటే ఎండిన కొమ్మ. చుట్టూ చెట్లన్నీ ఆకులతో ఉండగా ఒక్క చెట్టు మోడుగా ఉందంటే, బెరడు ఊడి వస్తోందంటే, మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయంటే అది లోపల పుచ్చి ఉంటుంది. గాలి లేని రాత్రి కూడా కొమ్మ విరిగి పడొచ్చు. టెంట్ వేసే ముందు నేలని పదిసార్లు చూస్తారు అందరూ, తలెత్తి ఒక్కసారి కూడా చూడరు. ఆ పని నీకు అప్పజెప్పమని నాన్నకి చెబుతాను. మోడు ఎంత ఎత్తుందో అంతకన్నా ఎక్కువ దూరంలో ఉండాలి, అది ఎటు పడినా మీకు అందకూడదు.

గుమ్మం అంటే జంతువులు నడిచే బాట. గడ్డి అణిగి, సన్నగా, నీళ్ళ వైపు దిగే దారి కనపడితే అది వాళ్ళ దారి, పగలు ఎవరూ కనపడకపోయినా. క్యాంప్‌గ్రౌండ్లో టాయిలెట్ల పక్కన, కుళాయి పక్కన చోటు దొరికితే, అది బాత్రూం పక్కన పడుకోవడమే. రాత్రంతా టార్చిలైట్లు మొహం మీద పడతాయి.

ఇక పిడుగుల గురించి కూడా నాయనమ్మ ఇంట్లోంచే చెబుదామని చూశాను. కుదరలేదు. ఆ ఇంట్లో పిడుగులాంటి వాళ్ళు ఉండేవారు కానీ అది వేరే కథ. పోలికని ఇప్పటికే చాలా సాగదీశాను, ఇంక లాగితే తెగుతుంది. ఒంటరిగా ఉన్న ఎత్తయిన చెట్టు కింద వద్దు, బోడికొండ మీద వద్దు, ఉరుము వినపడితే టెంట్లో కాదు కార్లో కూర్చోండి. టెంట్ గుడ్డ పిడుగుని ఆపదు.

ఇన్ని వద్దులు విన్నాక మరి ఎక్కడ వేయాలి అంటావు. మనుషులు చదును చేసిన చోట వేయండి. అనుమతి ఉన్న క్యాంప్‌గ్రౌండ్లో నంబర్లు వేసిన జాగాలు ఉంటాయి, లేదా ముందు వచ్చినవాళ్ళు టెంట్ వేసి వేసి గట్టిపడిన నేల ఉంటుంది. ఆ పక్క మనలాంటి వాళ్ళదే, ఖాళీగా ఉంటే పడుకోవచ్చు. కొత్తగా గడ్డి తొక్కి ఇంకో చోటు చేయక్కర్లేదు. కానీ దానికీ తలెత్తి చూడటం, గీత చూడటం తప్పదు. బియెస్కాస్‌లో చదును చేసింది కూడా మనుషులే కదా.

నీళ్ళకి 60 మీటర్ల దూరం ఉండాలంటారు. నాన్న అడుగులైతే ఎనభై, నీవైతే నూటికి పైనే, చంటిగాడివి లెక్కపెట్టి రాయండి. నది అవసరం మనకే కాదు, చీకటి పడ్డాక తాగడానికి వచ్చేవాళ్ళు ఉంటారు. మీరు అడ్డంగా కూర్చుంటే వాళ్ళు దాహంతో చాటున నిలబడతారు. గిన్నెలు కడిగిన సబ్బు నీళ్ళు కూడా నదిలోకి పోనివ్వకూడదు. ఎంత తేటగా ఉన్నా తాగే నీళ్ళు తెర్ల కాగాక ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు.

పొద్దు గుంకడానికి రెండు గంటల ముందే చేరుకోమని నాన్నకి చెప్పు. చీకట్లో వెతికితే ప్రతి పక్కా ఖాళీగానే కనపడుతుంది. చోటు నచ్చాక టెంట్ విప్పే ముందు నువ్వూ చంటిగాడూ ఉత్త నేల మీద వెల్లకిలా పడుకోండి. వీపుకి రాళ్ళు గుచ్చుకుంటే అప్పుడే తెలిసిపోతుంది. తల ఎటు ఎత్తుగా ఉందో ఒంటికి తెలుస్తుంది, కంటికి తెలియదు. పడుకున్నారు కాబట్టి కొమ్మలు కూడా ఎలాగూ కనపడతాయి.

నీ అసలు కోరిక మర్చిపోలేదులే, నీళ్ళ చప్పుడు. అంత దూరం నుంచి వినపడదని కదా నీ బెంగ? పగలు నిజంగానే అంతంతమాత్రం వినపడుతుంది. కానీ రాత్రి బాగా పొద్దుపోయాక, అందరూ నిద్రపోయాక, నేల చల్లబడ్డాక మెలకువగా ఉండి చూడు. పగటికన్నా దగ్గరికి వచ్చినట్టు వినపడుతుంది నది. కింద చల్లటి గాలి, దాని మీద కాస్త వెచ్చటి గాలి, వాటి మధ్య ఏదో జరిగి, పైకి పోవలసిన చప్పుడు వంగి మళ్ళీ నేలకి దిగుతుందట. ఎలా వంగుతుందో చెప్పమంటే మాత్రం చెప్పను, ఆ రాత్రి నేను పళ్ళెంలో తడిసి వణుకుతూ కూడా మొదటిసారి అది విని, నది లేచి మా దగ్గరికి నడిచొస్తోందేమో అని కూర్చుండిపోయాను.

మొదటి రోజు వెలుగుండగానే నాన్న చెయ్యి పట్టుకుని ఒడ్డుకి వెళ్ళు. నదికి వీపు పెట్టి నిలబడి, ఎదురుగా కొమ్మల్లోకి చూడు. ఎండు గడ్డి ఎంత ఎత్తున వేలాడుతోందో చూడు, నీ నడుం దాకానా, నాన్న తల దాకానా, ఇంకా పైనా. రాగానే ఫోన్ చేసి ముందు అది చెప్పు. చంటిగాడి అడుగుల లెక్క తర్వాత.

మీ తాతయ్య