పల్లె సంఘాలకు కాపరుల కొరత ఎక్కడ మొదలైంది?

విదేశీ మిషనరీల కాలంలో పుట్టిన పాత క్రైస్తవ సంఘాలు, అంటే మిషను సంఘాలు, ఉన్న పల్లెల్లో ఆదివారం ఎలా గడుస్తుందో చాలామందికి తెలిసిందే. పాస్టర్ గారు బండి మీద ఒక ఊళ్ళో పొద్దున ఎనిమిదింటికి ఆరాధన ముగించి, పదిన్నరకు ఇంకో ఊరు చేరి, సాయంత్రం మూడో ఊళ్ళో కూడిక పెట్టి చీకటిపడ్డాక ఇంటికొస్తారు. ఒక పాస్టరేట్ (ఒక పాస్టరు చూసుకునే ఊళ్ళ గుంపు) కింద పది ఊళ్ళుంటే పదింటికీ ఆయనే దిక్కు. ప్రసంగం ఎలాగోలా అందరికీ అందుతుంది. మరి మంచాన పడ్డ పెద్దావిడ ఇంటికి వెళ్ళేదెవరు? తాగుడు మానలేక పెళ్ళాం పిల్లల్ని ఏడిపిస్తున్న వాడితో కూర్చుని మాట్లాడేదెవరు? హైదరాబాదుకు పనికి పోయి ఏ సంఘంలోనూ కలవకుండా ఉన్న కుర్రాడికి ఫోన్ చేసేదెవరు?

సంఘం పెరగాలని ప్రతి కూడికలోనూ ప్రార్థన చేస్తాం. పెరిగినవాళ్ళని చూసుకునే మనుషులు, అంటే కాపరులు, ఎప్పుడు తగ్గిపోయారన్నది మాత్రం పెద్దగా మాట్లాడుకోం. అది తెలియాలంటే ఒంగోలు దాకా వెళ్ళాలి.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. కానీ అసలు కథ క్లౌ గారితో మొదలవలేదు. కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. సువార్త విని నమ్మి, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకుని, తన బంధువర్గమున్న పల్లెలన్నీ తిరిగి చెప్పాడు. తోళ్ళ బేరానికి తిరిగిన దారుల్లోనే విశ్వాసం నడిచింది. మిషను బంగళా ఎక్కడో దూరాన ఉండేది, పేరయ్య మాత్రం వాళ్ళ అరుగు మీదే కూర్చునేవాడు.

నమ్మినవాళ్ళకి మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవాళ వింటే చిన్న విషయాల్లా ఉంటాయి కానీ అప్పట్లో ఇవి ఊరి కట్టుబాటు మొత్తాన్ని కదిపాయి. మాదిగలు ఊరికి వెట్టి చేయాలి, జాతరలో డప్పు కొట్టాలి, ఆసామి పిలిస్తే ఏ రోజైనా పోవాలి. ఆదివారం రామంటే పనులు ఆపేశారు, కొన్నిచోట్ల కొట్టారు, తప్పుడు కేసులు పెట్టారు. అంటే విశ్వాసిని చూసుకోవడం అంటే మొదటి రోజునుంచే ప్రార్థన చేయడం ఒక్కటే కాదు, కలెక్టరు కచేరీకి తోడు వెళ్ళడం, గింజలు లేని ఇంటికి గింజలు చేర్చడం కూడా.

1876 నుంచి 1878 దాకా భయంకరమైన కరువు. క్లౌ ఇంజనీరింగ్ పని తెలిసినవాడు కాబట్టి బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలు. పగలు పని చూసి, విశ్రాంతి వేళ కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. ఇక్కడ ఆయన చేసిన ఒక పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కరువు సాయం నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట పడకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు, మాకు డబ్బు వద్దు, పని చేసి బతికామని చేతుల్లో బొబ్బలు చూపించారు. "బియ్యం క్రైస్తవులు" అని ఇప్పటికీ నోరు పారేసుకునేవాళ్ళు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు.

1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో దిగింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు. జనాన్ని ఊళ్ళవారీగా కూర్చోబెట్టి, ఆ ఊరి సంగతి తెలిసిన బోధకుడి చేత ఎవరు నిజంగా నమ్మారో, ఎవరు గుంపుతో వచ్చారో కనుక్కుని పేర్లు రాశారు. ఆ ఏడాది చివరికల్లా కొత్తవాళ్ళ సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ప్రపంచమంతా 2,222 అన్న అంకె గుర్తుపెట్టుకుంది. మర్నాడు ఆ జనమంతా పదుల కొద్దీ పల్లెలకు తిరిగి వెళ్ళారన్నది, వాళ్ళలో చాలామందికి అక్షరం రాదన్నది, వాళ్ళని చూడ్డానికి ఉన్న బోధకులు చాలా కొద్దిమందేనన్నది పెద్దగా ఎవరూ చెప్పరు. కాపరుల కొరత అక్కడే మొదలైందని నా అభిప్రాయం. ఆ కొరతను అప్పటివాళ్ళు ఉన్న మనుషులతోనే పూడ్చారు. పల్లెలో ముందునుంచీ కుల పెద్దల పంచాయితీ ఉంది, దాన్నే సంఘ పెద్దల కట్టుగా మలిచారు. బోధకులు మూడు నెలలకోసారి ఒంగోలు వచ్చి ఎక్కడెక్కడ ఏం జరిగిందో చెప్పి, నేర్చుకుని వెళ్ళేవారు. అప్పటికే రామాపట్నంలో ఉన్న వేదాంత పాఠశాలలో బోధకులకు చదువు చెప్పారు. పల్లెకు ఒక పంతులు, ఆ పంతులే పగలు బడి, రాత్రి ప్రార్థన, ఆదివారం వాక్యం. ఒక రకంగా ఆ పంతులే మన మొదటి సంఘకాపరి.

మిగతా మిషన్లదీ దాదాపు ఇదే దారి. గుంటూరుకు 1842లో హేయర్ వచ్చాడు, లూథరన్ సంఘాలు అక్కడినుంచి పెరిగాయి. మెదక్‌లో పోస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. ఫోటోలు దిగడానికి ఇప్పటికీ జనం అక్కడికి పోతారు. కానీ మెదక్ చుట్టుపక్కల పల్లెల్లో సంఘాన్ని నిలబెట్టింది ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన సంఘం ఆడవాళ్ళు, అంటే బైబిలు స్త్రీలు, వాళ్ళ ఫోటోలు మనకు దొరకవు. కాన్పు అయిన ఇంట్లో, శవం లేచిన ఇంట్లో, మగవాళ్ళు అడుగుపెట్టకూడని వంటింట్లో కూర్చుని మాట్లాడగలిగింది వాళ్ళే.

సంఘ సంరక్షణ గురించి తెలుగు నేల మీద అందరికన్నా లోతుగా ఆలోచించినవారు నా దృష్టిలో అజరయ్య గారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునల్వేలి వైపు మనిషి. విదేశీ డబ్బు లేకుండా భారతీయులే సువార్త పని చేయాలని 1903లో అక్కడ మిషనరీ సంఘం పెట్టిన వాళ్ళలో ఒకరు. ఆ పని కోసమే డోర్నకల్ వచ్చి, మొదట్లో టెంటులో ఉండి, తెలుగు నేర్చుకుని పల్లెలు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఎడ్లబండి మీదా, సైకిల్ మీదా తిరిగిన బిషప్పు.

ఆయన పద్ధతిలో రెండు సంగతులు చెప్పుకోవాలి. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడి చేతా తన చేయి తన తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని చెప్పించేవారు. పౌలు కొరింథీయులకు రాసిన మాటే అది. కూలి పనికి పోయే మనిషి ఆ మాట అన్న నిమిషంనుంచి సంఘానికి భారం కాదు, సంఘం పనిలో భాగస్తుడు. రెండోది, మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లెను పీడించే దయ్యాలని చెప్పి వాటి మీద యుద్ధం చేయమన్నారు. ఆత్మల రక్షణ వేరు, అప్పుల బాధ వేరు అని ఆయన విడదీయలేదు.

డబ్బు సంగతీ అంతే. ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. పంట కోత పండుగకు గుమ్మడికాయలు, కోళ్ళు, కొత్త ధాన్యం తెస్తే అక్కడే వేలం వేసేవాళ్ళు. ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఆ వేలం జరుగుతుంది, పది రూపాయల సొరకాయ ఐదొందలకు పోతుంది, అందరూ నవ్వుకుంటారు. ఇలా బీదవాళ్ళు ఇచ్చిన దానితో పంతుళ్ళను పోషించుకోవడం నేర్చుకున్న మేత్రాసనం (ఒక బిషప్పు కింది సంఘాలన్నీ) డోర్నకల్. 1945 జనవరి 1న ఆయన చనిపోయేనాటికి డోర్నకల్ మేత్రాసనంలో విశ్వాసులు రెండు లక్షలు దాటారు.

ఆ తర్వాత నెమ్మదిగా కట్టు సడలింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు ఒకటయ్యారు. అది మంచిదే. కానీ మిషనరీలు, విదేశీ నిధులు తగ్గుతూ వచ్చిన కొద్దీ పల్లె పంతుళ్ళను పోషించడం కష్టమైంది. పంతుళ్ళ జీతం ప్రభుత్వ గ్రాంటు మీద ఆధారపడింది, రిటైరైన పోస్టులు నింపక బడులు మూతబడ్డాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వంలోకి తీసుకున్నాక మిగిలిన కొన్ని బడులకూ అదే గతి పట్టింది. బడి పోతే పోయింది ఒక్క బడే అనుకుంటాం, పల్లెలో నివాసమున్న కాపరి కూడా దానితోపాటే పోయాడు. బైబిలు స్త్రీల పోస్టులదీ అదే కథ. ఆస్తుల మీద కోర్టు కేసులు, కమిటీ ఎన్నికలు మాత్రం పెరిగాయి.

ఇంకో దెబ్బ 1950 ఆగస్టులో పడింది. షెడ్యూల్డ్ కులాల మీద రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన దగ్గర మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. దాంతో ఆదివారం గుళ్ళో ఉండే కుటుంబం కాగితం మీద హిందువుగానే ఉండిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే. ఈ కాగితం గొడవ సంఘంలోకి కూడా వస్తుంది. పిల్లవాడి ఎస్సీ సర్టిఫికెట్ పోతుందేమోనన్న టెన్షన్‌తో రిజిస్టరులో పేరు రాయించుకోరు, పెళ్ళి గుళ్ళో చేసుకోవడానికి భయపడతారు. పేరే లేని మనిషిని కాపరి ఎలా లెక్కపెట్టుకుంటాడు? దీన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

ఈ ఖాళీలోకే కొత్త సంఘాలు వచ్చాయి. పంజాబీ సువార్తికుడు భక్తసింగ్ గారు 1950లో హైదరాబాదులో హెబ్రోను అనే సంఘాన్ని మొదలుపెట్టినప్పుడు జీతం తీసుకునే పాస్టరు పద్ధతి వద్దన్నారు. స్థానిక పెద్దలే సంఘాన్ని నడపాలి, ఆరాధన తర్వాత అందరూ ఒకే బంతిలో ప్రేమవిందు తినాలి. కులం పేరుతో విడివిడిగా కూర్చునే దేశంలో ఆ బంతి చిన్న విషయం కాదు. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు అయితే ఇంకా దగ్గరికి వచ్చాయి. రేకుల షెడ్డులో సంఘం నడిపే పాస్టర్ గారు అదే పేటలో ఉంటారు, అర్ధరాత్రి పిల్లకు జ్వరమొస్తే తలుపు తట్టొచ్చు, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు పాస్టరమ్మ గారు ఆడవాళ్ళందరినీ పేరు పెట్టి పిలుస్తుంది. జనం అటు వెళ్ళారంటే సిద్ధాంతం నచ్చి వెళ్ళినవాళ్ళకంటే పలకరింపు కోసం వెళ్ళినవాళ్ళే ఎక్కువ అని నేననుకుంటాను. వాటి బలహీనత కూడా అక్కడే ఉంది. అంతా ఒక్క మనిషి మీద నిలబడి ఉంటుంది, లెక్క అడిగే పెద్దలు చాలాచోట్ల ఉండరు, ఆయన పోతే కొడుకు రావాలి, లేదా సంఘం చెదిరిపోతుంది. చనిపోతే పెట్టుకోవడానికి సమాధుల తోట కూడా ఉండదు, ఆ రోజు మళ్ళీ పాత మిషను సంఘం గుమ్మం ముందు నిలబడాల్సి వస్తుంది.

పాత సంఘాల్లో పెద్దల కట్టు, రిజిస్టరు, స్థలం ఉన్నాయి. పేటలో కాపురముండే మనిషి లేడు. కొత్త సంఘాల్లో మనిషి ఉన్నాడు, ఆయన వెనక కట్టు లేదు. అందుకే కొన్ని పాస్టరేట్లలో మళ్ళీ పదిళ్ళకు ఒక పెద్దను, స్త్రీల సమాజంనుంచి ఒకామెను పెట్టి, ఆ వారం ఎవరు రాలేదో, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారో పాస్టర్ గారికి చెప్పే పని అప్పజెబుతున్నారు. 1870లలో ఒంగోలు బోధకులు ఊళ్ళవారీగా పేర్లు రాసినట్టే. ఇప్పుడు ఆ పేర్లలో సగం కూకట్‌పల్లిలోనో బెంగళూరులోనో ఉంటున్నాయి కాబట్టి వాళ్ళ ఫోన్ నంబర్లు కూడా రాసుకోవాల్సి వస్తోంది.