పైపును నేల ఎత్తేస్తుందా? మెకంజీ లోయలో పాత గొడవ

కెనడా ఉత్తరాన మెకంజీ లోయ గుండా గ్యాస్ పైపులైను వేయాలన్న ప్రాజెక్టును 2017 డిసెంబరులో కంపెనీలు పూర్తిగా వదిలేశాయి. గ్యాస్ ధర పడిపోయింది, గిట్టుబాటు కాదన్నారు. నిజమే. కానీ అదే లోయలో నలభై ఏళ్ళ ముందు ఇంకో పైపులైను ఆగిపోయింది. అప్పటి వాదనల్లో ఇంజనీర్లకు చెమటలు పట్టించింది ధర కాదు, ఒండ్రు మట్టి.

చలిదేశాల్లో శీతాకాలం వచ్చేసరికి నేల పొంగుతుంది. రోడ్లు ఉబ్బుతాయి, కంచె స్తంభాలు పైకి లేస్తాయి, పొలంలో ఏటా కొత్త రాళ్ళు తేలతాయి. దీన్నే ఫ్రాస్ట్ హీవ్ అంటారు. ఎందుకిలా అంటే చాలాకాలం అందరూ చెప్పిన జవాబు ఒక్కటే: నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది, దాంతోపాటే నేలా ఉబ్బుతుంది. వినడానికి బాగానే ఉంది, లెక్కే కుదరదు. ఒక మీటరు లోతు వరకు నేల గడ్డకట్టిందనుకోండి. అందులో 40 శాతం నీళ్ళే ఉన్నా, 9 శాతం చొప్పున నేల లేచేది మూడున్నర సెంటీమీటర్ల పైచిలుకు. ఒండ్రు నేలల్లో అంతకు ఎన్నో రెట్లు లేస్తుంది. మిగతా ఎత్తు ఎక్కడిది?

అమెరికాలో సౌత్ కరోలినా యూనివర్సిటీ భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ దీన్ని తేల్చిన తీరు నాకు భలే నచ్చుతుంది. నీటి బదులు మట్టిని బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పొంగింది! 1929, 1930లలో ఆయన వ్యాసాలు వచ్చాక 9 శాతం కథకు కాలం చెల్లాలి. పాఠాల్లోనూ కబుర్లలోనూ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది, అది వేరే సంగతి.

టేబర్ చూసింది ఇదీ. గడ్డకట్టిన మట్టిని నిలువునా కోస్తే ఐసు అంతటా సమానంగా ఉండదు. మట్టి, దాని మీద పలచని ఐసు పొర, మళ్ళీ మట్టి, మళ్ళీ ఐసు. ఈ పొరలన్నిటి మందం కలిపితే దాదాపు నేల లేచిన ఎత్తుకు సరిపోతుంది. అంటే ఆ నీరు మొదటినుంచీ అక్కడున్నది కాదు, కిందినుంచి వచ్చి చేరింది. సున్నాకు కొంచెం కింద కూడా మట్టి రేణువుల చుట్టూ సన్నటి నీటిపొర గడ్డకట్టకుండా మిగులుతుంది. దీపం వత్తి నూనెను లాగినట్టు ఆ పొర గుండా కింది నీరు పైకి వచ్చి ఐసుకు అతుక్కుంటుంది, పైనున్న మట్టిని ఎత్తుతుంది. ఇసుకకు ఈ లాగే గుణం తక్కువ. బంకమట్టి లాగుతుంది గానీ నీటిని చప్పున పోనివ్వదు. మధ్యలో ఉండే ఒండ్రుతోనే అసలు తంటా. 1930ల మొదట్లో మట్టి గుణాలను పరిశోధించిన ఇంజనీరు ఆర్థర్ కాసాగ్రాండే రోడ్ల ఇంజనీర్లకు గుర్తుండే హద్దు ఒకటి పెట్టాడు: మామూలు మిశ్రమ మట్టిలో 0.02 మిల్లీమీటరు కన్నా సన్నని రేణువులు 3 శాతం దాటితే జాగ్రత్త.

ఇంతకీ దీనికి మంచుదేశమే కానక్కర్లేదు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ఈ బెడద లేదు, అక్కడి చలి సున్నాకు పైనే. రొయ్యలు దాచే మైనస్ 18 డిగ్రీల గది సంగతి వేరు. ఏళ్ళ తరబడి ఆ చలి గచ్చులోంచి దిగి కింది మట్టిని గడ్డకట్టించి గచ్చునే ఎత్తగలదు. అందుకే అలాంటి గదుల గచ్చు కింద గాలి ఆడే గొట్టాలో, వేడి తీగలో పెడతారు. ఆగని చలి, నీళ్ళు, సన్నటి మట్టి, ఈ మూడూ ఒకచోట చేరితే చాలు.

మెకంజీ పైపులైను సరిగ్గా ఆ మూడింటినీ వందల కిలోమీటర్ల పొడవునా కలపబోయింది. 1968లో అలాస్కాలోని ప్రుడో బేలో చమురు, గ్యాస్ దొరికాయి. ఆ గ్యాస్‌నూ మెకంజీ డెల్టా గ్యాస్‌నూ దక్షిణానికి తేవడానికి ఆర్కిటిక్ గ్యాస్ అనే కంపెనీల కూటమి 48 అంగుళాల పైపును పాతిపెడతామంది. వేడి గ్యాస్ పంపితే ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేల, అంటే పర్మాఫ్రాస్ట్, కరిగి పైపు కుంగుతుంది. అందుకని గ్యాస్‌ను సున్నా కన్నా కిందికి చల్లబరిచి పంపాలనుకున్నారు. ఉత్తరాన ఇది చక్కటి ఉపాయమే. కానీ దక్షిణానికి వచ్చేకొద్దీ పర్మాఫ్రాస్ట్ అతుకులు అతుకులుగా ఉంటుంది. మధ్యలో గడ్డకట్టని తడి నేల తగులుతుంది. అక్కడ చల్లటి పైపే చుట్టూ ఉన్న మట్టిని గడ్డకట్టించి, తన్ను తానే పైకి ఎత్తుకుంటుంది.

పైన తగినంత బరువు పడితే పొంగడం ఆగిపోతుందని కంపెనీ వాదించింది. లోతుగా పాతి, పైన మట్టికట్ట పోస్తే సరిపోతుందంది. 1974లో కెనడా ప్రభుత్వం నియమించిన జస్టిస్ థామస్ బర్జర్ విచారణలో నిపుణులు దీన్ని తప్పుపట్టారు. చివరికి, ఆ బరువు లెక్కకు ఆధారమైన ల్యాబ్ పరీక్షలో పరికరం లీకయిందని, అందుకే అంకెలు తప్పొచ్చాయని కంపెనీయే చెప్పుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద పథకం ఒక చిన్న లీకు దగ్గర ఇరుక్కుంది. 1977లో బర్జర్ మెకంజీ లోయలో పదేళ్ళు పైపులైను వద్దన్నాడు. దానికి ముఖ్య కారణం డెనే తదితర మూలవాసుల భూమి హక్కులు తేలకపోవడమే. మట్టి గొడవ మాత్రం, ఇంజనీర్లు ఇంకా సిద్ధంగా లేరని బయటపెట్టింది.

తర్వాత 1982లో కెనడా, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో, చలిని అదుపులో ఉంచే ఒక హాల్లో అసలు పైపునే పాతి చూశారు. పద్దెనిమిది మీటర్ల పైపు, సగం ఇసుకలో, సగం ఒండ్రులో. ఒండ్రులో ఉన్న సగం పైకి లేచింది. ఇసుకలో ఉన్నది దాదాపు కదల్లేదు. రెండూ కలిసే చోట పైపు వంగింది.