ఆగిన రక్తం తిరిగొచ్చినా కండరానికి గండమే

మాచర్ల వైపు నుంచి గుండెపోటు రోగి గుంటూరు జీజీహెచ్‌ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి)కు చేరాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. గ్యాస్ నొప్పిలే అని సోడా తాగి పడుకున్న గంట దానికి అదనం. అందుకే 2023లో రాష్ట్రంలో మొదలైన స్టెమీ (గుండె ధమని పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) కార్యక్రమంలో గుంటూరును హబ్‌ (ప్రధాన కేంద్రం) చేసి, చుట్టుపక్కల ఆసుపత్రుల్లోనే ఈసీజీ తీసి, ధమనిలో రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ అక్కడే ఇచ్చే ఏర్పాటు పెట్టారు. ఇంత తొందర ఎందుకో కుక్కల గుండెల మీద చేసిన పాత ప్రయోగాలు చెబుతాయి.

1977లో రీమర్, జెన్నింగ్స్ బృందం కుక్కల గుండెలో ఒక ధమనిని కట్టేసి, వేర్వేరు సమయాలకు విప్పి చూసింది. 40 నిమిషాలకు విప్పితే గోడ మందంలో 38 శాతం చచ్చింది, 3 గంటలకు 57, 6 గంటలకు 71. చావు లోపలి పొరలో మొదలై అలలా బయటికి పాకుతుందన్నమాట. ఇంకో చిక్కు 1960లోనే జెన్నింగ్స్ కంట పడింది: రక్తం తిరిగి వదిలితే కొన్ని కణాలు మరింత వేగంగా పాడయ్యాయి. రక్తం ఆగినప్పుడు కణంలో ఆమ్లం, సోడియం పేరుకుంటాయి. తిరిగి రాగానే ఆమ్లం కడుక్కుపోతుంది, కాల్షియం లోపలికి ముంచెత్తుతుంది, కండరం బిగుసుకుపోతుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పొర తూట్లు పడుతుంది.

ఈ గండాన్ని ముందుగా దాటింది సర్జన్లే. రక్తం ఎప్పుడు ఆపాలో వాళ్ల చేతిలోనే ఉంటుంది మరి. 1955లో మెల్‌రోజ్ ఆపరేషన్ కోసం పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపాడు. గాఢత ఎక్కువై కండరమే దెబ్బతింది, పద్ధతి మూలపడింది. 1970లలో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి ద్రావణం వచ్చింది: లీటరుకు పొటాషియం 16, మెగ్నీషియం 16 మిల్లీమోల్స్, 4 డిగ్రీల చల్లదనం, 20-30 నిమిషాలకోసారి మళ్లీ. గుండె బిగిసి కాదు, సడలి ఆగాలి. అప్పుడే శక్తి ఖర్చు తగ్గుతుంది.

గుండెపోటు మాత్రం ఆపరేషన్‌లా చెప్పి రాదు. అందుకే గుండెను ముందే రాటుదేల్చే దారులు వెతికారు. 1986లో ముర్రీ బృందం కుక్కల గుండె ధమనిని 5 నిమిషాలు మూసి, 5 నిమిషాలు వదిలి, అలా నాలుగుసార్లు చేశాక 40 నిమిషాలు మూస్తే నష్టం నాలుగో వంతుకు పడిపోయింది. మూడు గంటలు మూస్తే మాత్రం ఆ లాభం లేదు. ఇదే కిటుకుతో, రోగి చేతికి బీపీ పట్టీ బిగించి వదిలే పద్ధతి మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 5,401 మందిపై జరిగిన 2019 పరీక్షలో ఫలితం శూన్యం. సైక్లోస్పోరిన్ అనే మందుదీ 2015లో అదే కథ. మా అంచనాలో, ఆరోగ్యంగా ఉన్న జంతువుకూ, షుగరుతో ఆలస్యంగా వచ్చే మన రోగికీ పోలికే తప్పు.

చివరికి నిలబడింది త్వరగా తెరవడం ఒక్కటే. టెనెక్టెప్లేజ్ బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, ఒకే దఫా, 5-10 సెకన్లలో. 75 దాటినవారికి సగం మోతాదు. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కుతున్న లైనులో ఇస్తే మందు విరిగిపోతుంది. ముందూ వెనకా సెలైన్‌తో కడగాలి. నొప్పి తగ్గగానే ఇంటికి తీసుకెళ్తామంటారు బంధువులు. 60-90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీయాల్సిందే. ఈసీజీ గీతలో పైకి లేచిన ఎస్‌టీ భాగం ఎత్తు సగమైనా దిగకపోతే వెంటనే యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో ధమనిని తెరవడం) చేయాలి. దిగినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ (ధమనుల ఎక్స్‌రే పరీక్ష) తప్పదు. అందుకే ఇంజెక్షన్ పడగానే 108ను గుంటూరు దారి పట్టించాలి.