తుంగ పీకినా గడ్డ మిగిలినట్టు

చిన్నీ, బుజ్జీ,

సంక్రాంతికి వచ్చినప్పుడు బుజ్జిగాడు ఒక మాట అడిగాడు. "అమ్మమ్మా, నీ క్యాన్సర్ ఆపరేషన్‌తోనే పోయిందిగా, ఏడేళ్లయినా రోజూ ఆ మాత్ర ఎందుకు?" అరిసెల హడావిడిలో "డాక్టరు గారు వేసుకోమన్నారు" అని తప్పించుకున్నాను. అదేం జవాబు!

పెరట్లో తుంగ గుర్తుందా? తాతయ్య పారతో చెక్కితే నేల నున్నగా అయింది. వారం తిరక్కుండానే మళ్లీ పచ్చటి సూదులు లేచాయి. చిన్నీ ఒకటి పట్టి లాగితే గడ్డి మాత్రమే చేతికొచ్చింది. తవ్వి చూస్తే శనగగింజంత నల్లటి గడ్డ, గోటితో గిల్లితే లోపల తెల్లగా, ఘాటు వాసన.

నా రొమ్ములో పుట్టిన కణితి సంగతీ ఇలాంటిదే. కణితి చిన్నగా ఉన్నప్పుడే కొన్ని కణాలు రక్తంలోకి జారి ఎముక మూలుగకో, ఊపిరితిత్తులకో చేరగలవు. చాలామటుకు దారిలోనే చస్తాయి. బతికి గట్టెక్కిన వాటిలో కొన్ని రెండుగా చీలడం మానేసి ముడుచుకు కూర్చుంటాయి. వీటిని నిద్రాణ కణాలంటారు. ఒకటీ అరా కణం స్కానింగ్‌కి ఆనదు. కీమో మందేమో గబగబా చీలే కణాలనే ఎక్కువగా పట్టుకుంటుంది. నా జుట్టు ఊడింది అందుకే, వెంట్రుక కుదుళ్లలో కణాలు తెగ చీలుతుంటాయి మరి. పడుకున్న కణం మాత్రం ఆ మందుకు దొరక్కుండా తప్పించుకోగలదు.

ఎన్నాళ్లు పడుకుంటాయంటారా? స్కాట్లాండ్‌లో ఒక దాత కిడ్నీలు ఇద్దరికి అమర్చారు. ఆ దాతకు అంతకు 16 ఏళ్ల ముందు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గింది. కిడ్నీలు పుచ్చుకున్న ఇద్దరికీ మెలనోమా వచ్చింది! కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇస్తారు కదా, కాపలా సడలేసరికి కణాలు లేచాయి. 2003లో వైద్య పత్రికలో వచ్చిన సంగతి ఇది.

పొగ లాంటివి తగిలి ఒంటి లోపల రేగే వాపు కూడా వీటిని లేపగలదు. 2018లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, పొగాకు పొగ పీల్చిన ఊపిరితిత్తుల్లో తెల్లరక్తకణాలు తమ డీఎన్ఏనే వలలా విసిరాయి. ఆ వలకు అంటుకున్న ఎంజైములు పక్కనున్న లామినిన్ అనే ప్రోటీన్‌ను కోశాయి. ఆ కోత తగిలి క్యాన్సర్ కణాలు మేలుకున్నాయి. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందని ఇంకా తేల్చలేదు. అయినా మీ మామయ్య సిగరెట్ తీసుకుని డాబా మీదకు పోతే నేను ఊరికే కోప్పడనని తెలిసిందిగా.

ఇక నా మాత్ర. నా కణితి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తిని పెరిగే రకం. మాత్ర ఆ హార్మోన్‌ను తగ్గిస్తుంది, తుంగకు నీళ్లు ఆపేసినట్టు. ఈ రకం 20 ఏళ్లకైనా తిరగబెట్టవచ్చు. అలాగని అందరికీ తిరగబెట్టదు, కంగారు పడకండి.

"వాటిని నిద్రలోనే చంపెయ్యలేరా?" అంటావేమో చిన్నీ. ఆ పనిలోనే ఉన్నారు. ఈ కణాలు తమ లోపలి పాత సరుకును తామే కరిగించుకు తిని బతుకుతాయట. ఆ తిండిని అడ్డుకోవడానికి అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు, మూలుగలో ఇలాంటి కణాలు దొరికినవాళ్లకు మలేరియాకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇచ్చి చూశారు. చాలామందిలో కణాలు తగ్గాయి. చిన్న పరీక్షే, పెద్దవి జరగాలి.

చిన్నీ ఫోన్‌లో పెట్టిన అలారం మోగుతోంది, తొమ్మిదయింది. మాత్ర వేసుకోవాలి.

మీ అమ్మమ్మ