జీవో 198 వెనుక ఉన్న అప్పు

ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తి పన్ను మొత్తం ఒకేసారి కట్టినవారికి 5 శాతం రాయితీ ఇస్తామని ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాలు ఏటా ప్రకటిస్తాయి. ఆ ప్రకటన వెంబడే ఒక పాత తగాదా కూడా ఏటా తిరిగి లేస్తోంది. ఇంటికి ఒక్క గది కూడా కలపకపోయినా నిరుటి కన్నా పన్ను ఎందుకు పెరిగిందన్నది ఇంటి యజమాని ప్రశ్న. పెంపు 15 శాతం దాటలేదు కదా అన్నది కార్యాలయం జవాబు. అడిగినదొకటి, చెప్పేదొకటి కావడానికి కారణం 2020లో జీవో 198తో జరిగిన మార్పులో ఉంది. పురపాలక పన్నుల పూర్వచరిత్రంతా ఇక్కడ తిరగేయనక్కర్లేదు. 1965 నాటి మునిసిపాలిటీల చట్టం కింద ఇంటికి రాగల అద్దెను బట్టి పన్ను వేసేవారనీ, ఆ అద్దె విలువలను ఐదేళ్లకోసారి సవరించాల్సి ఉన్నా ఏ ప్రభుత్వమూ సకాలంలో సవరించలేదనీ గుర్తుంటే చాలు.

అసలు మలుపు 2020 మే 17న వచ్చింది. అది ఏ పట్టణంలోనూ రాలేదు, ఢిల్లీలో వచ్చింది. లాక్‌డౌన్‌తో రాష్ట్రాల రాబడి పడిపోయిన ఆ రోజుల్లో, రాష్ట్రాలు తెచ్చుకోగల అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి కేంద్రం పెంచింది. పెంచిన 2 శాతంలో బేషరతుగా ఇచ్చింది అర శాతమే. మరో 1 శాతాన్ని నాలుగు పావులు చేసి, రేషన్ కార్డులు, సులభతర వాణిజ్యం, విద్యుత్ పంపిణీ, పట్టణ స్థానిక సంస్థలు అనే నాలుగు సంస్కరణలకు ఒక్కో పావును ముడిపెట్టింది. వీటిలో మూడింటిని పూర్తిచేసిన రాష్ట్రానికే మిగిలిన అర శాతం దక్కుతుందని చెప్పింది. రాష్ట్రాలకు పంపిన ఆ లేఖలో పట్టణాల పద్దు కింద రాసిన షరతు ఇప్పటి వివాదానికి నేరుగా సంబంధించినది. ఆస్తి పన్నుకు కనీస రేట్లను ప్రకటించాలి, అవి రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణంగా ఉండాలి, నీటికీ మురుగునీటి పారుదలకూ కనీస చార్జీలు నిర్ణయించాలి, ధరలు పెరిగే కొద్దీ ఈ రేట్లు కూడా నియమిత కాలాల్లో పెరిగే ఏర్పాటు ఉండాలి. అప్పటిదాకా ఇంటి పన్ను పట్టణానికీ పట్టణవాసికీ మధ్య లెక్క. ఆ లేఖతో అది రాష్ట్ర ఖజానా తెచ్చుకునే అప్పుకు షరతుగా మారింది.

ఆ సమయంలో, 2017లో ఎన్నికలు జరిగిన కాకినాడ మినహా, రాష్ట్రంలోని పట్టణాలకు ఎన్నికైన పాలకమండళ్లు లేవు. 2014లో ఎన్నికైన మండళ్ల గడువు 2019 జూలైలోనే ముగిసింది. కొత్త ఎన్నికల ప్రక్రియ మొదలైనా కరోనా కారణంగా 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల సంఘం దాన్ని వాయిదా వేసింది. పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. విశాఖపట్నంలోనైతే 2007 తర్వాత అసలు నగరపాలక ఎన్నికలే జరగలేదు. 2020 చివర్లో పురపాలక చట్టాలను సవరించి, నవంబరు నెల జీవో 198తో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువకు, మార్చినప్పుడు, ‘మా ఊరికి ఇది వద్దు’ అని తీర్మానం చేయగల సభ దాదాపు ఏ పట్టణంలోనూ లేదు. 2021 జనవరిలో పట్టణ సంస్కరణలు పూర్తిచేసిన తొలి రాష్ట్రాలుగా మధ్యప్రదేశ్‌ను, ఆంధ్రప్రదేశ్‌ను కేంద్రం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌కు అదనంగా ₹2,525 కోట్ల అప్పు తెచ్చుకునే అనుమతి దక్కింది. పురపాలక ఎన్నికల పోలింగ్ మార్చి 10న జరిగింది. ఈ క్రమాన్ని తలకిందులు చేసి చూస్తే, అంటే ఎన్నికలు ముందు జరిగి జీవో తర్వాత వచ్చి ఉంటే, వార్డు వార్డునా ఇదే ఎన్నికల అంశం అయ్యేదని ఊహించడం కష్టం కాదు.

ఎన్నికలయ్యాక కొత్త పాలకమండళ్ల ముందుకు వచ్చిన పని వేరు. పద్ధతి అప్పటికే చట్టమైంది. నివాసాలకు మూలధన విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం అనే హద్దుల మధ్య ఒక అంకెను ఎంచుకోవడమే వాటికి మిగిలింది. ముసాయిదా ప్రకటనలు ఇచ్చి అభ్యంతరాలు తెలపమన్నప్పుడు, అనేక పట్టణాల్లో జనం అంకె మీద కాకుండా పద్ధతి మీదే అభ్యంతరాలు రాసి ఇచ్చారు. పద్ధతిని మార్చే అధికారం ఆ అభ్యంతరాలు తీసుకున్నవారికి లేదు.

పద్ధతిలో తేడా ఏమిటో దగ్గరగా చూడాలి. పాత లెక్కలో ఊరిని జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్‌లో ఆర్‌సీసీ కప్పుకు ఇంత, పెంకుటింటికి ఇంత అని చదరపు మీటరుకు నెలసరి అద్దెను నిర్ణయించేవారు. దాన్ని ఇంటి విస్తీర్ణంతోనూ, పన్నెండు నెలలతోనూ హెచ్చవేసి, కట్టడం వయసును బట్టి 10, 20, 30 శాతం తగ్గించి, మిగిలిన దాని మీద పన్ను వేసేవారు. నలభై ఏళ్లు దాటిన ఇంటికి 30 శాతం తగ్గేది. కొత్త లెక్కలో రిజిస్ట్రేషన్ శాఖ స్థలానికి కట్టిన విలువకు కట్టడం విలువను కలిపి, మొత్తం మీద నిర్ణీత శాతాన్ని పన్నుగా వేస్తారు. కట్టడానికి వయసును బట్టి తరుగుదల ఇప్పటికీ ఉంది. కానీ నేలకు తరుగుదల ఉండదు, అది పెరుగుతూనే పోతుంది. విశ్రాంత ఉద్యోగి ముప్పై ఏళ్ల కిందట నాలుగైదు సెంట్ల స్థలంలో కట్టుకున్న చిన్న ఇల్లుందనుకోండి. ముందున్న వీధి దుకాణాల రోడ్డుగా మారితే ఆయన పింఛను పెరగదు, ఆ పాత ఇంటికి వచ్చే అద్దె కూడా పెద్దగా పెరగదు, కానీ మూలధన విలువ పెరుగుతుంది. ఇల్లు పాతబడే కొద్దీ భారం తగ్గాలన్న పాత తర్కం స్థలం ఎక్కువ, కట్టడం తక్కువ ఉన్న ఇళ్ల విషయంలో తిరగబడింది.

ప్రభుత్వ వాదనలో పస లేదని కాదు. నివాసాల పన్నును 2002లోనూ, వాణిజ్య భవనాల పన్నును 2007లోనూ సవరించాక మళ్లీ ముట్టుకోలేదు. ఇన్నేళ్లలో పట్టణాల ఖర్చు ఎన్నో రెట్లయింది. మూలధన విలువ పద్ధతి పారదర్శకమని, అధికారి ఇష్టానికి తావుండదని, యజమాని నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి ₹50 మాత్రమేనని, ఎవరికీ పాత పన్ను మీద 15 శాతానికి మించి పెరగదని అప్పటి మంత్రులు చెప్పారు.

పట్టణ పౌర సంఘాలు, వామపక్షాలు పట్టుకున్నది ఆ చివరి మాటనే. 15 శాతం అన్నది ఒక్కసారి పెంపు కాదు. మూలధన విలువ ప్రకారం రావాల్సిన మొత్తాన్ని చేరేదాకా ఏటా పెరిగే మెట్టు అది. ఉదాహరణకు స్థలం ₹30 లక్షలు, కట్టడం ₹10 లక్షలు విలువ చేసే ఇంటికి 0.15 శాతం చొప్పున కొత్త పన్ను ₹6,000 అవుతుంది. 2020-21లో ఆ ఇంటి పన్ను ₹2,000 అనుకుంటే మరుసటి ఏడాది ₹2,300, ఆపై ₹2,645, ఆపై ₹3,042 అవుతుంది. ఐదో పెంపుకు, అంటే 2025-26 నాటికి, ₹4,023కు చేరుతుంది. ఐదేళ్లలో రెట్టింపు అన్నమాట, అప్పటికీ గమ్యం ఇంకా ₹2,000 దూరంలోనే ఉంటుంది. పైగా ఆ ₹6,000 కూడా నిలకడైన అంకె కాదు. రిజిస్ట్రేషన్ విలువలను సవరించినప్పుడల్లా గమ్యం జరుగుతుంది. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో భూముల మార్కెట్ విలువలను సవరించినప్పుడు పత్రికలు స్టాంపు డ్యూటీ గురించే ఎక్కువ రాశాయి, ఇంటి పన్నుతో దానికున్న బంధం గురించి తక్కువ రాశాయి. ఇల్లు అమ్మే ఉద్దేశం లేని మనిషికి రిజిస్ట్రేషన్ విలువ పెరగడం వల్ల చేతికి వచ్చేదేమీ లేదని, అమ్మితే తప్ప కనిపించని లాభం మీద ఏటా పన్ను కట్టించుకోవడం న్యాయం కాదని పౌర సంఘాలు మొదటి నుంచీ చెబుతున్నాయి. అప్పు తెచ్చుకున్నది రాష్ట్రం, దాన్ని ఖర్చు పెట్టింది రాష్ట్రం, పన్ను పెంచిన పేరు మోసింది మాత్రం పురపాలక సంఘం అన్నది ఈ విమర్శలోనే కాస్త లోతైన భాగం. దానికి సంతృప్తికరమైన సమాధానం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. కేంద్రం అడిగింది రిజిస్ట్రేషన్ విలువలకు అనుగుణమైన కనీస రేట్లు. అద్దె విలువ పద్ధతినే పూర్తిగా తీసేయమని ఆ షరతులో లేదు. పక్కనే తెలంగాణ కూడా అదే షరతు తీర్చి ₹2,508 కోట్ల అదనపు అప్పుకు అనుమతి పొందింది. అయినా హైదరాబాద్‌లో ఇంటి పన్ను ఇప్పటికీ అద్దె విలువ మీదే లెక్కిస్తున్నారు. పైగా 2020 నవంబరులో, గ్రేటర్ ఎన్నికల ముందు, దీపావళి కానుకగా అక్కడ ₹15,000 లోపు పన్ను కట్టేవారికి సగం రాయితీ ప్రకటించారు. అంటే అదే లేఖ, అదే నెల, కానీ ఒక రాష్ట్రంలో కొత్త పన్ను పద్ధతి వస్తే మరో రాష్ట్రంలో రాయితీ వచ్చింది. కాబట్టి తప్పంతా ఢిల్లీదేనన్న అప్పటి రాష్ట్ర ప్రభుత్వ సంజాయిషీ సగమే నిలుస్తుంది.

ఇప్పటి తగాదాలో ఎక్కువగా వినిపించే ప్రశ్న మరొకటి ఉంది. ప్రతిపక్షంలో ఉండగా పన్నుల భారాన్ని తిట్టినవారే 2024 జూన్‌లో అధికారంలోకి వచ్చాక జీవో 198ని ఎందుకు రద్దు చేయలేదు? జవాబు చెత్త పన్నుతో పోల్చి చూస్తే దొరుకుతుంది. 2021 అక్టోబరు 2న విజయవాడలో చెత్త సేకరణ వాహనాలను ప్రారంభించి, ఇంటింటికీ నెలవారీ రుసుము మొదలుపెట్టారు. ఆస్తి పన్నులో పారిశుధ్యం వాటా చట్టం ప్రకారమే కలిసి ఉండగా మళ్లీ ఈ రుసుమేమిటని జనం వాలంటీర్లను నిలదీశారు. సరిగ్గా మూడేళ్లకు, 2024 అక్టోబరు 2న, మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాని రద్దును ప్రకటించారు. ఆస్తి పన్ను సంగతి వేరు. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం పట్టణాలకు ఇచ్చే గ్రాంట్లకు కూడా ఆస్తి పన్ను కనీస రేట్ల ప్రకటననే ప్రవేశ షరతుగా పెట్టింది. అది చాలదన్నట్టు, పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి ఐదేళ్ల సగటు వృద్ధికి తగ్గకుండా పెరగాలని కూడా చెప్పింది. తమిళనాడు 2022 ఏప్రిల్‌లో ఇళ్ల పన్నును 25 నుంచి 150 శాతం దాకా పెంచినప్పుడు చూపిన కారణాల్లో ఇదీ ఒకటి. ఒకసారి తీసుకున్న అప్పుకు పెట్టిన షరతు ఏటా అందే గ్రాంటుకు షరతుగా స్థిరపడింది. అందుకే అధికారం మారినా బిల్లు మారలేదు.

మధ్యలో ఇచ్చిన ఊరట బకాయిల వైపు నుంచి వచ్చింది. ఆస్తి పన్నును అర్ధ సంవత్సరాల లెక్కన వేస్తారు. మొదటి సగం జూన్ 30 లోపు, రెండో సగం డిసెంబరు 31 లోపు కట్టాలి. దాటితే నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం వడ్డీ పడుతుంది. గృహరుణం మీద బ్యాంకు వేసే వడ్డీకి ఇది రెండింతల పైమాటే. 2025 మార్చిలో ఆ వడ్డీలో సగం మాఫీ చేస్తూ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. గడువులోపు కట్టినవారికి ఏప్రిల్‌లో దక్కేది 5 శాతం, కట్టనివారికి మార్చిలో దక్కింది వడ్డీలో సగం. ఇది క్రమం తప్పకుండా కట్టేవారికి ఎలా అనిపించిందో వేరే చెప్పక్కర్లేదు.

నోటీసు అందుకున్నవారు మొదట చూడాల్సింది శాతం కాదు, విస్తీర్ణం. రికార్డులో ఉన్న కొలతకూ ఇంటి కొలతకూ తేడా ఉందా, నివాసాన్ని నివాసేతరంగా రాశారా, కట్టిన ఏడాది సరిగా ఉందా అన్నవి మూలధన విలువను నేరుగా మార్చే వివరాలు. ప్లాను లేదనో, ప్లానును మించి కట్టారనో పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా అనధికార నిర్మాణ జరిమానా పడుతోందేమో కూడా చూసుకోవాలి. చాలామంది దాన్ని పన్ను పెంపుగానే పొరబడతారు. రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు బిల్లులో విడిగా కనిపిస్తుంది. కొత్తగా పన్ను విధించినా, సవరించినా ప్రత్యేక నోటీసు ఇస్తారు. అందులో చెప్పిన గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. గడువు దాటాక బిల్ కలెక్టర్‌తో వాదించి లాభం లేదు, మార్చే అధికారం అతనికి లేదు.

పద్ధతిని మార్చడం శాసనసభ పని, రిజిస్ట్రేషన్ విలువ స్టాంపుల శాఖ పని. కానీ 0.10కీ 0.50కీ మధ్య ఏ అంకె ఉండాలన్నది మాత్రం ఇప్పటికీ పట్టణ పాలకమండలి తీర్మానంతోనే తేలుతుంది. భూముల విలువలు పెరిగినప్పుడు ఆ మేరకు శాతాన్ని తగ్గిస్తే పన్ను అక్కడే ఉంటుంది. 2021 మార్చిలో ఎన్నికైన మండళ్లకు ఆ వెసులుబాటు దక్కింది. వాటి ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే.