మూడు వరసల ఎస్‌యూవీకి ఏ టైర్లు వేయాలి? చలిదేశంలో మనవాళ్ల అపోహలు - వాస్తవాలు

నేను కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో టైర్ల పని చేస్తాను. ఇక్కడ మనవాళ్లకు రెండో బిడ్డ పుట్టగానే, లేదా ఊరి నుంచి అమ్మానాన్న వచ్చే టైముకు, కియా టెల్యూరైడో టయోటా హైల్యాండరో హోండా పైలటో ఇంటి ముందుకు రావడం మామూలే. బండి కొనేటప్పుడు సన్‌రూఫ్ గురించి, సీట్ల తోలు గురించి నెల రోజులు చర్చించే మనిషి, అక్టోబర్ చివర్లో టైర్ల గురించి మాత్రం ఫోన్లో రెండు నిమిషాల్లో తేల్చేయాలంటాడు. ఆ రెండు నిమిషాల్లో నాకు వినిపించే మాటలే ఇవి.

అపోహ: "మాది ఆల్ వీల్ డ్రైవ్ అన్నా, వింటర్ టైర్లు అక్కర్లేదు."

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే, అన్నిటికంటే ప్రమాదం కూడా ఇదే. ఆల్ వీల్ డ్రైవ్ చేసేది ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచడం. మంచులో ఆగిన బండి కదలడానికి, వాలుగా ఉన్న డ్రైవ్‌వే ఎక్కడానికి అది నిజంగా పనికొస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం దాని వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. చిన్న ఆల్టోకైనా నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉంటాయి కదా. మలుపులో బండిని దారి తప్పకుండా పట్టుకునేది కూడా రబ్బరే. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, బండి తిరిగిపోకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ అనేవి ఉన్న పట్టును సరిగా వాడుకుంటాయి, లేని పట్టును తెచ్చిపెట్టలేవు.

లెక్క వేసి చూడండి. గంటకు 50 కి.మీ. వేగంలో బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద బండి సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణిగిపోయిన మంచు మీద అది 40 మీటర్ల దాకా వెళ్తుంది. నున్నటి ఐసు మీదైతే 100 మీటర్ల దాకా జారుతుంది. డ్రైవరు కాలు బ్రేకు మీదకు వెళ్లే లోపు పోయే దూరం ఇందులో లేదు. వేగం రెట్టింపైతే ఈ దూరాలు నాలుగింతలు అవుతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కారు సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడే చక్రం తిరిగి, రోడ్డు జారుతోందని చెప్పేస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ బండి ఏమీ లేనట్టు కదిలిపోతుంది. రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకు మొదటిసారి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే. పెద్ద మంచు పడిన రోజు హైవే 400 మీద బ్యారీ వైపు వెళ్తూ గుంటలో పడి ఉన్న బండ్లను గమనించండి. వాటిలో ఎస్‌యూవీలు తక్కువేమీ ఉండవు.

అపోహ: "రెండు టన్నుల బండి. బరువుకే రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది."

బరువు పెరిగితే టైరు రోడ్డుకు గట్టిగా ఆనుతుంది, నిజమే. కానీ ఆపాల్సిన బరువు కూడా అంతే పెరిగింది. ఆ లాభానికీ ఈ నష్టానికీ చెల్లు. పైగా టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు పూర్తిగా రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. అంటే బరువైన బండికి చివర్లో మిగిలేది కొద్దిపాటి నష్టమే. దానికి తోడు ఎస్‌యూవీ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మలుపులో బరువంతా బయటి వైపు టైర్ల మీదకు ఒరుగుతుంది.

అసలు బరువు గురించి చూసుకోవాల్సింది వేరే ఉంది. టైరు పక్కన సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది, 105 అనో 110 అనో. అది ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు. 100 అంటే 800 కిలోలు, 105 అంటే 925, 110 అంటే 1060. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని అదే సైజులో తక్కువ అంకె ఉన్న టైరు తెప్పించుకుని, బిగించమని తెచ్చేవాళ్లు ఉంటారు. నేను బిగించను. ఏడుగురు ఎక్కి, పైన సామాను పెట్టె కట్టుకుని, 110 స్పీడులో మాంట్రియల్ వెళ్లే బండి అది. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. అందులో కంపెనీ వేసిన టైరు సైజు, పెట్టాల్సిన గాలి రాసి ఉంటాయి. మోసే అంకె అక్కడ లేకపోతే యజమాని పుస్తకంలోనో, బండితో వచ్చిన టైరు మీదో చూడాలి. ఆ అంకెకు తగ్గకూడదు. ఎక్కువైతే ఫరవాలేదు.

ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అని రాసి ఉన్న టైర్లు ఎక్కువ బరువు మోస్తాయి, కానీ తగినంత ఎక్కువ గాలి ఉన్నప్పుడే. ఇక "పది ప్లై ట్రక్కు టైర్లు వేసేయ్, గట్టిగా ఉంటాయి" అనేవాళ్లకు ఒక మాట. ఆ ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైర్లు మోయగలిగేది ఎంతో ఎక్కువ గాలి నింపినప్పుడు. మామూలుగా కార్లకు పెట్టే 35 పీఎస్ఐ గాలితో నడిపితే అవి మామూలు టైరు కన్నా తక్కువే మోస్తాయి. ఇల్లు, ఆఫీసు, గుడి, కాస్ట్‌కో తిరిగే హైల్యాండరుకు అవి ఎందుకో నాకు అర్థం కాదు. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలకు బ్యాటరీ బరువు అదనం. కొన్నిటికి హెచ్‌ఎల్ (హై లోడ్) అని రాసి ఉన్న టైర్లు వస్తాయి. అలాంటి బండికి మళ్లీ అదే రకం వేయాలి.

అపోహ: "మంచు పడ్డాక మార్చుకుందాంలే."

మంచు పడిన రోజు మా షాపు ముందు క్యూ ఎలా ఉంటుందో ఒకసారి వచ్చి చూస్తే ఈ మాట మళ్లీ అనరు. అది పక్కన పెట్టినా, రబ్బరుకు మంచుతో కంటే ముందు చలితోనే పేచీ. సమ్మర్ టైరు రబ్బరు చలికి కొబ్బరినూనె గడ్డకట్టినట్టు బిగుసుకుపోయి, రోడ్డులోని సన్నటి గరుకును పట్టుకోలేదు. వింటర్ టైరు రబ్బరు సున్నాకు ఎంతో కింద కూడా మెత్తగా ఉండేలా కలుపుతారు. పైన బ్లాకుల నిండా సన్నటి చీలికలు ఉంటాయి. ఆ అంచులే మంచును కరుస్తాయి.

ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగితే వింటర్ టైర్లు వేయాలనే లెక్క అందరికీ తెలిసిందే. అయితే దాన్ని లక్ష్మణరేఖ అనుకోవద్దు. 5 డిగ్రీల దగ్గర పొడి రోడ్డు మీద మంచి ఆల్ సీజన్ టైరు (చాలా బండ్లకు వేసే మామూలు రకం) వింటర్ టైరు కన్నా బాగానే ఆగవచ్చు. ఉదయం పనికి వెళ్లే వేళకు ఉష్ణోగ్రత రోజూ ఆ చుట్టుపక్కలకు దిగుతోందంటే మార్చే సమయం వచ్చిందనుకోవాలి. మా రాష్ట్రం ఒంటారియోలో చట్టం బలవంతపెట్టదు. పక్క రాష్ట్రం క్విబెక్‌లో మాత్రం అక్కడ రిజిస్టరైన కార్లకు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి. బ్రిటిష్ కొలంబియా కొండదారుల మీద చాలాచోట్ల అక్టోబర్ 1 నుంచే నియమం ఉంది, గాడి లోతు కనీసం 3.5 మి.మీ. ఉండాలి. ఒంటారియోలో 2016 నుంచి వింటర్ టైర్లు వేసినవాళ్లకు బీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలి. అడగకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు, అడగండి.

అపోహ: "ఆల్ సీజన్ టైరు మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంది. మంచుకు సరిపోతుంది."

మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు అని చెప్పే ఆ గుర్తు గాడుల ఆకారాన్ని చూసి కంపెనీ వేసుకునేది. దానికి మంచులో పరీక్ష అక్కర్లేదు. చూడాల్సింది మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు. 1999లో వచ్చిన ఆ గుర్తు కావాలంటే మంచు మీద పరీక్షలో నెగ్గాలి. జర్మనీలో ఉన్న మనవాళ్లు గమనించాలి: అక్కడ 2024 అక్టోబర్ నుంచి ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే మంచు రోడ్డు మీద చెల్లదు, కొండ గుర్తు ఉండాల్సిందే.

కొండ గుర్తు ఉందంటే అన్నీ సమానమని కాదు. ఆ పరీక్ష అణిగిన మంచు మీద పట్టును చూస్తుంది. ఐసు మీద బ్రేకు ఎలా పడుతుందో అది చెప్పదు. పెద్ద ఎస్‌యూవీలకు ఇష్టంగా వేయించుకునే, మట్టిదారులకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లలో కొన్నిటికి ఈ గుర్తు ఉంటుంది. లోతు మంచులో అవి బాగా తవ్వుకుపోతాయి. తెల్లవారుజామున ఐసు పట్టిన చౌరస్తాలో మాత్రం అసలైన వింటర్ టైరుకు సరితూగవు.

మధ్యేమార్గం ఆల్ వెదర్ టైర్లు. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, నోకియన్ వాళ్ల డబ్ల్యూఆర్ లాంటివి. కొండ గుర్తు ఉంటుంది, ఏడాది పొడవునా ఉంచుకోవచ్చు. ఇంటి నుంచే పని చేస్తూ, మంచు ఎక్కువ పడిన రోజు బండి తీయకుండా ఉండగలిగిన మిస్సిసాగా కుటుంబానికి నేను ఇవే చెబుతాను. వ్యాంకూవర్ ఊళ్లో తిరిగేవాళ్లకూ, న్యూజెర్సీ వాళ్లకూ చాలామందికి ఇవి చాలు. అదే ప్రతి వారం ఆటవా వెళ్లేవాళ్లు, పిల్లల్ని స్కీయింగ్‌కు కాలింగ్‌వుడ్ తీసుకెళ్లేవాళ్లు, రాత్రి డ్యూటీ చేసే నర్సులు అయితే వింటర్ టైర్లు నాలుగూ వేయించుకోండి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి మామూలు ఆల్ సీజన్ చాలని చెప్పాను. అక్కడ ఏడాదికి ఒకటి రెండు రోజులు ఐసు వాన పడితే బండి తీయకుండా ఉండటమే ఉపాయం. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్ హైవే మీద ఐసు వల్ల 130కి పైగా బండ్లు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. కంటికి కనపడని అలాంటి ఐసు మీద హైవే వేగంతో వచ్చే బండికి ఏ టైరూ హామీ ఇవ్వదు.

అపోహ: "సమ్మర్ టైర్లు రేసు కార్లకే, వానలో పనికిరావు."

వేసవి వానలో ఆగడానికి మంచి సమ్మర్ టైరును మించింది లేదు. బీఎండబ్ల్యూ ఎక్స్5, పోర్షే కయెన్ లాంటి బండ్లు కొన్ని వాటితోనే వస్తాయి. జులైలో సెకండ్ హ్యాండ్ బండి కొనుక్కుని, కింద సమ్మర్ టైర్లున్నాయని నవంబర్ దాకా తెలియనివాళ్లు ప్రతి ఏటా వస్తారు. సుమారు మైనస్ 7 కంటే కిందికి పోయాక వాటిని నడిపితే, చలికి బిగిసి ఉన్నప్పుడు కదిపినా, రబ్బరు పగలవచ్చు. విప్పాక చల్లటి గ్యారేజీలో కాకుండా బేస్‌మెంట్‌లో పెట్టుకోండి. ఇలాంటి కొన్ని బండ్లకు వెనక టైర్లు ముందువాటికన్నా వెడల్పు. వింటర్ సెట్టు కొనేటప్పుడు ఒక అంగుళమో రెండో చిన్న రిమ్ములు, నాలుగూ ఒకే సైజులో, కంపెనీ ఒప్పుకున్నవి వేయిస్తే ధరా తగ్గుతుంది, గుంతల్లో రిమ్ము వంగడమూ తగ్గుతుంది. బ్రేకు క్యాలిపర్‌కు తగలకుండా ఉందా అని ముందే చూపించుకోవాలి.

అపోహ: "రెండు వేయిస్తే చాలు కదా, ముందువి."

చాలవు. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే మలుపులో బండి వెనక భాగం తిరిగిపోతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఇంకో నష్టం కూడా ఉంది. ముందూ వెనకా టైర్ల చుట్టుకొలత తేడాగా ఉంటే ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, క్లచ్‌లు ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటాయి. వాటిని బాగు చేయించే బిల్లుతో ఎన్ని టైర్లు వస్తాయో లెక్క వేసుకోండి.

అపోహ: "వింటర్ టైర్లు వేసవిలో కూడా ఉంచేస్తే మార్చే ఖర్చు మిగులుతుంది."

మెత్తటి రబ్బరు, వేడి తారు, రెండు టన్నుల బండి. ఒక్క వేసవిలో గాడులు కరిగిపోతాయి. ఆ ఎండలో బ్రేకు కూడా ఆలస్యంగా పడుతుంది. గాడి లోతు 5 మి.మీ. కంటే తగ్గాక మంచులో పని బాగా పడిపోతుంది, చట్టానికి టైరు ఇంకా బాగున్నట్టే కనిపించినా సరే. రెండు సెట్లు ఉంటే ఒక్కోటీ సగం ఏడాదే అరుగుతుంది. అదనంగా అయ్యేది రిమ్ములు, మార్పిడి, దాచుకునే చోటు.

గాలి సంగతి. వెచ్చటి షాపులో 20 డిగ్రీల దగ్గర 35 పెట్టుకున్న టైరు బయట మైనస్ 20లో రాత్రంతా ఉంటే 28 దగ్గరకు దిగుతుంది. సుమారు 5.5 డిగ్రీలకు 1 పీఎస్ఐ చొప్పున లెక్క. నైట్రోజన్ నింపించినా ఇదే లెక్క, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. చక్రాలు మార్పించాక 100 కిలోమీటర్ల లోపు నట్లు సరైన బిగువులో ఉన్నాయో లేదో చూపించి మళ్లీ బిగించుకోండి. ఆ పనికి మేం డబ్బులు తీసుకోం.

అపోహ: "లంబసింగిలో సున్నాకు దిగుతుందట, మా ఫార్చ్యూనర్‌కు అక్కడి నుంచి వింటర్ టైర్లు పంపుతావా?"

ఊళ్లో ఉండి ఇలా అడిగినాయన వరసకు బావ, కాబట్టి తిట్టలేదు. లంబసింగిలో చలి ఉండేది తెల్లవారుజామున, పది గంటలకల్లా ఎండ. రోడ్డు మీద మంచు పేరుకోదు. మే నెల హైదరాబాద్ ఎండకు వింటర్ టైరు మూడు పూటలా నష్టమే. మనాలీ, లద్దాఖ్ వెళ్తే అక్కడే చైన్లు అద్దెకు తీసుకుని కట్టించుకోవడం నయం. ఆ డబ్బుతో బావ చేయాల్సిన పని వేరే ఉంది. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల చివర ఉండే నాలుగు అంకెలు చూడమన్నాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. ఫోటో పంపాడు: 1116. అంటే 2016 మార్చిలో తయారైన టైర్లు. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి కదా అన్నాడు. లోతు ఎంతున్నా ఆ రబ్బరు ఎండిపోయింది, అక్కడే దొరికే మంచి హెచ్‌టీ (మామూలు రోడ్ల రకం) టైర్లు నాలుగు వేయించు అన్నాను.