'అస్తూరియాస్' అస్తూరియాస్‌ది కాదు

గిటార్ నేర్చుకునేవాళ్లలో 'అస్తూరియాస్' అనే రచన వినని వాళ్లు అరుదు. పైన ఒకే స్వరం ఆగకుండా మోగుతుంటే, కింద బొటనవేలు పాటను నడుపుతుంది. అందుకే ఇది గిటార్ కోసమే పుట్టిందని చాలామంది నమ్ముతారు. నిజానికి స్పెయిన్ స్వరకర్త ఇసాక్ అల్బేనిజ్ దీన్ని పియానో కోసం రాశాడు. ఆ పేరు కూడా ఆయన పెట్టింది కాదు.

1886లో ఆయన స్పెయిన్ ప్రాంతాల పేర్లతో ఎనిమిది రచనల సంపుటి తలపెట్టాడు. నాలుగే వచ్చాయి. ఇప్పుడు మనం వింటున్నది 1892 నాటి వేరే సంపుటిలోది, అక్కడ దాని పేరు ఉత్త 'ప్రెలూడ్', అంటే ఆరంభ రచన. 1909లో ఆయన చనిపోయాక, పాత సంపుటిలో ఖాళీలు పూరించాలని జర్మనీ ప్రచురణకర్త హోఫ్‌మైస్టర్ దీన్ని తెచ్చి అందులో చేర్చి, 'అస్తూరియాస్' అని అచ్చేశాడు. అస్తూరియాస్ స్పెయిన్‌కు ఉత్తరాన వానలు కురిసే కొండసీమ. ఈ సంగీతమేమో దక్షిణాన ఉన్న అందలూసియా పాట-ఆటల శైలి ఫ్లమెంకో!

ఆ పొరపాటు ఎవరికీ పెద్దగా పట్టకపోవడానికి కారణం ఉంది. అప్పటికే బయటివాళ్లకు స్పెయిన్ అంటే అందలూసియానే. 1875లో పారిస్‌లో వేసిన ఫ్రెంచ్ స్వరకర్త బిజే ఆపెరా 'కార్మెన్' కథ జరిగేది అందలూసియా నగరం సెవిల్లాలో. స్పెయిన్ లోపల ఫెలిప్ పెడ్రెల్ అనే పండితుడు, దేశ సంగీతం జానపదాల మీదే నిలబడాలని గట్టిగా వాదించాడు. ఆయనా, అల్బేనిజ్, మరో స్వరకర్త గ్రనాదోస్ ముగ్గురూ ఈశాన్యాన కటలోనియాలో పుట్టినవాళ్లే. అయినా అల్బేనిజ్ మనసు దక్షిణానికే పోయింది. 1905 నుంచి 1908 వరకు రాసిన పియానో సంపుటి 'ఇబేరియా'లోని 12 రచనల్లో మాద్రిద్ పేటను తలచుకునే 'లవాపియెస్' లాంటి ఒకటి రెండు తప్ప మిగతావన్నీ అందలూసియావే. గ్రనాదోస్ మాత్రం 1911 నాటి పియానో సంపుటి 'గోయెస్కాస్'లో చిత్రకారుడు గోయా కాలపు మాద్రిద్‌ను ఎంచుకున్నాడు.

ఆ అందలూసియా రంగు మన చెవికి కొత్తేమీ కాదు. సా పక్కనే ఆనుకుని ఉండే శుద్ధ రిషభం, పైన అంతర గాంధారం: కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు వకుళాభరణం రాగం గుర్తొస్తుంది. పోలిక స్వరాల వరకే, గమకాల నడక వేరు.

నా మట్టుకు నాకు, కచేరీ పత్రాల్లో 'ప్రెలూడ్' అన్న పాత పేరు కూడా వేస్తే బాగుండుననిపిస్తుంది. వినడం కూడా ముందు పియానో మీదే వినాలి. గ్రనాదోస్ శిష్యుడైన ఫ్రాంక్ మార్షల్ దగ్గర నేర్చుకున్న పియానో కళాకారిణి అలీసియా దె లరోచా రికార్డింగ్ ఉంది. అందులో నడిమి భాగం దగ్గర ఆగి వినండి. అంత హోరూ ఒక్కసారిగా ఆగిపోతుంది. రెండు చేతులూ వేర్వేరు స్థాయుల్లో ఒకే పాటను పలుకుతాయి, తాళం లేకుండా ఒంటరిగా ఎవరో పాడుతున్నట్టు.